బయోమెడికల్ ఇంజనీరింగ్ సీటు: ఫీజు, జీతం, మధ్యలో పోయే ఏళ్ళు – ఒక కేస్ స్టడీ

బయోమెడికల్ ఇంజనీరింగ్ (వైద్యానికి, వైద్య పరికరాలకు సంబంధించిన ఇంజనీరింగ్) గురించి అడగడానికి వచ్చే కుటుంబాలు దాదాపు అన్నీ రెండు అంకెలతోనే వస్తాయి. ఒకటి నాలుగేళ్ళ ఫీజు, రెండోది ఎక్కడో చదివిన సగటు జీతం. ఆ జీతాన్ని ఫీజు పక్కన పెట్టి చూసుకుని, రెండు మూడేళ్ళలో అంతా తీరిపోతుందిలే అని ధైర్యం తెచ్చుకుంటారు. కానీ పెద్ద ఖర్చులు ఆ రెండు అంకెల్లోనూ కనిపించవు. ఉద్యోగం దొరికేదాకా ఖాళీగా గడిచే నెలలు, బ్యాచిలర్స్ చాలదని తెలిశాక చేసే మాస్టర్స్, ఆ రెండేళ్ళు రాకుండా పోయే జీతం, ఈలోగా అప్పు మీద పేరుకునే వడ్డీ. ఏ డిగ్రీకైనా ఇవి కొంత ఉంటాయి, బయోమెడికల్‌కి మాత్రం కాస్త ఎక్కువే ఉంటాయి. ఎందుకో ఈ కేసులో బాగా తెలిసింది కాబట్టి మొత్తం రాస్తున్నాను.

నేను చాలా ఏళ్ళు వైద్య పరికరాల తయారీలో, డిజైన్ వెరిఫికేషన్ (డిజైన్ అనుకున్నట్టే పనిచేస్తోందా అని పరీక్షించడం), క్వాలిటీ పనుల్లో ఉన్నాను. కొత్తవాళ్ళను తీసుకునే ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చున్నాను. ఇప్పుడు కోర్సు ఎంచుకునే పిల్లలకూ వాళ్ళ ఇంట్లోవాళ్ళకూ ఖర్చు-ఆదాయాల లెక్క వేసి చూపిస్తుంటాను. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది, వాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. డబ్బు కూడా ఏ కరెన్సీలోనూ చెప్పను. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ బ్యాచిలర్స్ చేసి చేరినవాళ్ళకు మొదటి ఏడాది చేతికొచ్చే జీతాన్ని 100 అనుకుంటాను, మిగతావన్నీ దాన్నిబట్టే. మీరున్న చోట ఆ జీతం ఎంతైతే అంత పెట్టుకుని లెక్క మార్చుకోండి.

వాళ్ళ పరిస్థితి

అమ్మాయికి తమ్ముడున్నాడు, వాడికి కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) ఉంది. ఆడియాలజిస్ట్ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంటు పంపాలో సరిచేస్తుంటే, పక్కన కూర్చుని "ఇది వినిపిస్తోందా, గట్టిగా ఉందా, చిన్నగా ఉందా" అని వాడిని అడిగింది ఈ అమ్మాయే. అలాంటి పరికరాలు తయారుచేసే పని కావాలని పట్టుదల. నాకు ఇది చాలా ముఖ్యమైన విషయం. ఎందుకంటే చాలామంది పిల్లలు మెడిసిన్ సీటు రాలేదు కాబట్టి బయోమెడికల్ అంటారు, ఈ అమ్మాయి అలా రాలేదు. తనకు ఏ పని కావాలో వేలు పెట్టి చూపించగలదు.

చేతిలో రెండు సీట్లు. మొదటిది పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో బయోమెడికల్ ఇంజనీరింగ్, నాలుగేళ్ళకు 260. అంటే ఎలక్ట్రికల్ ఫ్రెషర్ రెండున్నరేళ్ళ జీతం కంటే కొంచెం ఎక్కువ. రెండోది ప్రభుత్వ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, 130. అక్కడ వైద్య పరికరాల మీద, బయోసిగ్నల్స్ మీద ఎలక్టివ్స్ ఉన్నాయి. ఇంట్లో దాచినది 110. అంటే మొదటిదానికి 150 అప్పు, రెండోదానికి 20.

ఈ ఖర్చుల్లో తిండి, గది అద్దె వేయలేదు. చదువుకున్నా ఉద్యోగం చేసినా అవి తప్పవు. వాటిని ఒక దారిలో కలిపి ఇంకో దారిలో వదిలేస్తే లెక్క ఒకవైపుకు ఒరిగిపోతుంది. ఫీజులు, ల్యాబ్ ఖర్చులు, పుస్తకాలు, చదువు వల్లే అదనంగా పడేవి మాత్రమే తీసుకున్నాను.

వాళ్ళ నాన్నగారు ఒక ప్రింటవుట్ తెచ్చారు. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో ప్రకారం 2024 మే నాటికి బయోమెడికల్ ఇంజనీర్ల మీడియన్ జీతం ఏడాదికి 1,06,950 డాలర్లు. "మీరు ఆ కంపెనీల్లోనే చేశారు కదండీ, ఇంత జీతమొస్తే అప్పు ఎంతసేపు?" అన్నారు. వాళ్ళమ్మగారు అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు, చివర్లో "మాస్టర్స్ చేయకుండా ఉద్యోగం వస్తుందాండీ?" అని అడిగారు. ఈ కేసు మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది.

ఆ ప్రింటవుట్‌లో ఉన్నదేమిటి, లేనిదేమిటి

మీడియన్ అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. అందులో పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళున్నారు, మాస్టర్స్ వాళ్ళున్నారు, పీహెచ్‌డీ వాళ్ళున్నారు. కాలేజీ నుంచి బయటికొచ్చిన ఇరవై రెండేళ్ళ అమ్మాయి జీతం అది కాదు. ఇది చాలామందికి చెప్తే అర్థమవుతుంది.

అర్థం కావడానికి టైమ్ పట్టేది ఇంకొకటుంది. ఆ అంకె బయోమెడికల్ ఇంజనీర్ అనే ఉద్యోగంలో ఉన్నవాళ్ళది, ఆ డిగ్రీ చదివినవాళ్ళది కాదు. ఆ డిగ్రీ చదివి క్వాలిటీ ఇంజనీర్‌గానో, హాస్పిటల్‌లో పరికరాలు సర్వీస్ చేసే చోటో, అమ్మకాల్లోనో, సాఫ్ట్‌వేర్‌లోనో ఉన్నవాళ్ళను ఆ లెక్క వేరే గళ్ళలో వేస్తుంది. మెడికల్ కాలేజీకి వెళ్ళిపోయినవాళ్ళు డాక్టర్ల గడిలో పడతారు. అలాగే ఎలక్ట్రికల్ చదివి బయోమెడికల్ ఇంజనీర్ హోదాలో ఉన్నవాళ్ళు ఈ అంకెలోకి వచ్చేస్తారు. కాబట్టి ఈ డిగ్రీకి ఇంత జీతం అని ఆ కాగితం ఎక్కడా చెప్పడం లేదు.

అదే బ్యూరో, అదే ఏడాది, మెకానికల్ ఇంజనీర్ల మీడియన్ 1,02,320 డాలర్లు. పెద్ద తేడా లేదు కదా. తేడా ఉన్నది ఉద్యోగాల సంఖ్యలో. ఆ దేశం మొత్తం మీద బయోమెడికల్ ఇంజనీర్ ఉద్యోగాలు 20 వేల పైచిలుకు, మెకానికల్ 2.8 లక్షల పైనే. జీతం బాగున్నా కుర్చీలు తక్కువ.

నాన్నగారికి ఇంకో పాత సంగతి కూడా చూపించాను, ఎందుకంటే ఈ కోర్సుకు ఇంత పేరు రావడంలో దాని వంతు ఉంది. 2008 నుంచి 2018 వరకు బయోమెడికల్ ఇంజనీర్ ఉద్యోగాలు 72 శాతం పెరుగుతాయని ఆ బ్యూరో అంచనా వేసింది. 16,000 నుంచి 27,600కు. అప్పట్లో వేగంగా పెరిగే ఉద్యోగాల జాబితాలన్నిటా ఇదే పైన ఉండేది. 2018 వచ్చేసరికి ఉన్నవి 19,800 దాకా. పెరిగిన మాట నిజమే, చెప్పినదాంట్లో మూడో వంతు. ఈలోగా డిపార్ట్‌మెంట్లు మాత్రం బాగా పెరిగాయి. దానికి వేరే కారణం కూడా ఉంది. 1975లో మొదలై 2006లో మూతపడిన విటకర్ ఫౌండేషన్ అమెరికా యూనివర్సిటీల్లో ఈ సబ్జెక్టును నిలబెట్టడానికి 70 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. గొప్ప పని, దానివల్ల మంచి పరిశోధన వచ్చింది. కాకపోతే ఒక సబ్జెక్టుకు డిపార్ట్‌మెంట్ కట్టినంత త్వరగా దానికి తగ్గ మొదటి ఉద్యోగాలు పుట్టవు.

మొదటి ఉద్యోగం దగ్గర ఏం జరుగుతుంది

ఇంటర్వ్యూల్లో నేను తరచూ అడిగిన ఒక ప్రశ్న చెప్తాను. రోగికి ఈసీజీ లీడ్స్ పెట్టారు, తెర మీద గీత సన్నగా వణుకుతోంది, 50 లేదా 60 హెర్ట్జ్ కరెంటు హమ్ కలిసింది. ఏం చేస్తావు?

బయోమెడికల్ చదివి వచ్చినవాళ్ళు గీతను చక్కగా చదువుతారు. పీ వేవ్ ఇదీ, క్యూఆర్ఎస్ ఇదీ, ఎస్‌టీ సెగ్మెంట్ ఇక్కడ లేస్తే డాక్టర్ దేనికి కంగారు పడతాడు, అన్నీ చెప్తారు. హమ్ తీయడానికి, ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసే నాచ్ ఫిల్టర్ పెడతాం అంటారు. సరే, దానికంటే ముందు సర్క్యూట్‌లోనే తగ్గించే దారి ఏదైనా ఉందా అంటే చాలామంది ఆగిపోతారు. ఎలక్ట్రికల్ వాళ్ళు అక్కడ అందుకుంటారు. రెండు లీడ్స్ మధ్య తేడాను మాత్రమే పెంచే ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్, రెండిటిలోనూ ఒకేలా కలిసే కామన్ మోడ్ వోల్టేజి, దాన్ని తలకిందులు చేసి కుడి కాలి ఎలక్ట్రోడ్ ద్వారా ఒంట్లోకే తిరిగి పంపడం, కాగితం మీద గీసి చూపిస్తారు. కానీ గీత పైకీ కిందకీ తేలుతోంది, దాన్ని ఎలా ఆపుతావు అంటే 0.5 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (అంతకంటే నెమ్మదైన కదలికలను కోసేసే ఫిల్టర్) పెట్టేస్తాం అంటారు. మానిటర్‌కి అది సరిపోతుంది, రోగనిర్ధారణకు తీసే ఈసీజీలో అలా చేస్తే ఎస్‌టీ సెగ్మెంట్ ఆకారమే మారిపోవచ్చు, అందుకే అక్కడ 0.05 దాకా వదిలేస్తారు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు.

ఇద్దరికీ సగం సగం తెలుసు. మరి కంపెనీ ఎవరిని తీసుకుంటుంది? డిజైన్ టీమ్‌లో ఖాళీ ఉంటే నేను చూసినంత వరకు ఎక్కువసార్లు ఎలక్ట్రికల్ వాళ్ళనే. ఎస్‌టీ సెగ్మెంట్ గురించి టీమ్‌లో ఉన్న సీనియర్ ఒక పూటలో నేర్పగలడు, అనలాగ్ సర్క్యూట్లు ఒక పూటలో నేర్పలేడు. అమర్చే పేస్‌మేకర్ చేసిన విల్సన్ గ్రేట్‌బాచ్ ఎలక్ట్రికల్ ఇంజనీరే, సీటీ స్కానర్‌కి 1979లో నోబెల్ అందుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ కూడా ఆ వైపు నుంచి వచ్చినవాడే. బయోమెడికల్ డిగ్రీలో మెకానిక్స్ కొంత, ఎలక్ట్రానిక్స్ కొంత, మెటీరియల్స్ కొంత, కణజీవశాస్త్రం కొంత ఉంటాయి. ఇన్ని ఉన్నచోట ఏదో ఒకదాన్ని పట్టుబట్టి లోతుగా చేయకపోతే, ఖాళీ ఉన్న ఏ ఒక్క కుర్చీకీ సరిగ్గా సరిపోరు. మాస్టర్స్ అవసరం పడేది చాలావరకు ఇందుకే, అక్కడికి వెళ్ళాకే ఒక వైపు తేలుతుంది.

బయోమెడికల్ వాళ్ళకు సహజంగా తలుపు తెరుచుకునేది క్వాలిటీ, రెగ్యులేటరీ (పరికరానికి ప్రభుత్వ అనుమతులు తెచ్చే పని), వెరిఫికేషన్, క్లినికల్ ఇంజనీరింగ్ (హాస్పిటల్లో పరికరాలు చూసుకునే పని) వైపు. వీటిని తక్కువ పనులని నేను ఎప్పటికీ ఒప్పుకోను, నా జీవితంలో ఎక్కువ భాగం అందులోనే గడిచింది. ఈ పనికి కొన్ని అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి: పరికరం ఎక్కడ, ఎలా చెడిపోతే రోగికి ఏమవుతుందో ముందే ఊహించి రాసే ఐఎస్ఓ 14971 రిస్క్ ఫైలు, క్వాలిటీ వ్యవస్థకు ఐఎస్ఓ 13485, విద్యుత్ భద్రతకు ఐఈసీ 60601, సాఫ్ట్‌వేర్‌కి ఐఈసీ 62304, ఒంటికి తగిలే మెటీరియల్స్‌కి ఐఎస్ఓ 10993. ఈ పేర్లు తెలిసి, వాటిలో ఒకదాన్నైనా చదివి వచ్చిన ఫ్రెషర్ నా ఎదురుగా కూర్చుంటే నేను వెంటనే నిటారుగా కూర్చునేవాణ్ణి. యూరప్‌లో 2017/745 నంబరు మెడికల్ డివైస్ రెగ్యులేషన్ 2021 మే 26 నుంచి అమల్లోకి వచ్చాక పరికరం వెనకాల ఉండాల్సిన పత్రాలు, క్లినికల్ ఆధారాలు బాగా పెరిగాయి, ఆ పని తెలిసినవాళ్ళకు గిరాకీ కూడా పెరిగింది. మొదటి జీతం కొంచెం తక్కువైనా అనుభవంతో పైకి వెళ్ళే దారి అది. లెక్కలో దాన్ని కూడా పెట్టాను.

కాలేజీని ఏమడిగాం

నా మాట మీదో, ప్రింటవుట్ మీదో నిర్ణయం తీసుకోకూడదు కాబట్టి అమ్మాయి చేతే రెండు డిపార్ట్‌మెంట్లకూ మెయిల్ పెట్టించాను. ప్రైవేటు యూనివర్సిటీ బ్రోషర్‌లో "ఉద్యోగం లేదా పైచదువు" అని కలిపి 90 శాతం పైన వేశారు. ఈ రెండిటినీ కలిపి రాసిన చోట నేను ముందుకు కదలను. ఉద్యోగమంటే డబ్బు వచ్చేది, పైచదువంటే ఇంకా డబ్బు పోయేది. ఈ రెండూ ఒకే అంకెలో ఎలా ఉంటాయి? విడగొట్టి చెప్పండి అని అడిగితే తేలిందేమిటంటే, దాదాపు సగం మంది నేరుగా మాస్టర్స్‌కి గానీ మెడికల్ కాలేజీకి గానీ వెళ్ళారు. మిగతావాళ్ళలో ఇంజనీర్ అనే హోదాతో చేరినవాళ్ళు ఎంతమందని అడిగిన దానికి ఆ డిపార్ట్‌మెంట్ సూటిగా జవాబివ్వలేదు.

అప్పుడు అమ్మాయి లింక్డ్‌ఇన్‌లో ఆ కోర్సు పూర్తి చేసిన సీనియర్లను ఒక్కొక్కరినీ వెతికి రాసింది. పొడుగు ప్రశ్నలు వద్దమ్మా, మూడే అడుగు అన్నాను. చదువు అయ్యాక ఎన్ని నెలలకు జీతం మొదలైంది, మొదటి హోదా ఏమిటి, చదివేటప్పుడు జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ చేశావా? జవాబిచ్చిన వాళ్ళంతా ఎంత ఓపిగ్గా రాశారో చూసి నాకు ముచ్చటేసింది, కొందరు తమ ఆఫర్ లెటర్‌లోని జీతం కూడా చెప్పారు. వాళ్ళ జవాబులనుబట్టి మేం పెట్టుకున్న అంకెలివి: బ్యాచిలర్స్‌తో ఆగితే 7 నెలల ఎదురుచూపు, మొదటి జీతం 88. మాస్టర్స్ చేస్తే ఇంకో 90 ఖర్చు, 3 నెలల ఎదురుచూపు, మొదటి జీతం 118. ఎలక్ట్రికల్‌కి ఇదే పద్ధతిలో 2 నెలలు, 100. ఇంటర్న్‌షిప్ చేసినవాళ్ళకు ఎదురుచూపు దాదాపు లేదు, ఈ ముక్కను నోట్‌బుక్‌లో గీత గీసి రాసుకోమన్నాను.

లెక్క

కాలేజీలో చేరిన రోజు నుంచి పదేళ్ళు. జీతం అందరికీ ఏడాదికి 5 శాతం పెరుగుతుందనుకున్నాం. పదేళ్ళలో వచ్చిన జీతమంతా కలిపి, అందులోంచి చదువు ఖర్చు తీసేశాం. వడ్డీ ఇంకా వేయలేదు.

ఎలక్ట్రికల్: జీతాలు 659, ఖర్చు 130, మిగిలింది 529.
బయోమెడికల్ బ్యాచిలర్స్: జీతాలు 533, ఖర్చు 260, మిగిలింది 273.
బయోమెడికల్, మాస్టర్స్‌తో కలిపి: జీతాలు 474, ఖర్చు 350, మిగిలింది 124.

మూడో వరుస చూసి వాళ్ళ నాన్నగారు క్యాలిక్యులేటర్ తీసుకుని మళ్ళీ మొదటి నుంచి కూడారు. మాస్టర్స్‌తో మొదటి జీతం అందరికంటే ఎక్కువ కదా, మరి అడుగున ఎందుకుంది? ఎందుకంటే ఆ జీతం మొదలయ్యేసరికి ఆరేళ్ళ పైన అయిపోయింది, ఎలక్ట్రికల్ వాళ్ళు అప్పటికే రెండేళ్ళుగా జీతం తీసుకుంటున్నారు, పైగా ఏటా 5 శాతం పెరిగిన జీతం. పదేళ్ళు చాలా తక్కువ, ఇంకా ముందుకు వెళ్ళండి అన్నారాయన. వెళ్ళాం. పదకొండో ఏట ఇద్దరి జీతాల మధ్య తేడా 9 లోపే. ఆ తేడాతో 405 వెనకబాటు పూడాలంటే పదో ఏడాది తర్వాత ఇంకో 24 ఏళ్ళు దాటాలి.

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం తర్వాత వేసిన లెక్క. బయోమెడికల్ ఫీజు కూడా 130కే వస్తే? బ్యాచిలర్స్ దారిలో మిగిలేది 403. ఎలక్ట్రికల్ కంటే ఇంకా 126 తక్కువే. అంటే ఉన్న తేడాలో సగం ఫీజుది, మిగతా సగం ఆ ఎదురుచూసిన నెలలది, మొదటి జీతంలోని ఆ కాస్త కోతది. అందరూ బేరమాడేది ఫీజు గురించే, స్కాలర్‌షిప్ గురించే. మిగతా సగం గురించి ఏ కాలేజీనీ ఎవరూ అడగరు. అదే ఇంటర్న్‌షిప్ పుణ్యమా అని ఎలక్ట్రికల్ వాళ్ళతో సమానంగా, అదే టైమ్‌కి 100తో చేరితే? 130 ఫీజుకు రెండు దారులూ 529 దగ్గర ఒకటైపోతాయి. అప్పుడు నచ్చింది చదువుకోవచ్చు, డబ్బు అడ్డు రాదు.

రెగ్యులేటరీ, క్వాలిటీ వైపు జీతం వేగంగా పెరిగితే ఎలా ఉంటుందో కూడా చూశాం. 88తో మొదలై ఏటా 8 శాతం పెరిగితే, పదో ఏట ఆమె జీతం 129, ఎలక్ట్రికల్ వాళ్ళది 128. జీతం దాటేసింది. 130 ఫీజుతో ఐతే మొత్తం మీద కూడా పదిహేడో ఏట దాటేస్తుంది. 260 ఫీజుతో ఐతే ఇరవయ్యో ఏట. కాబట్టి బయోమెడికల్ బ్యాచిలర్స్ పనికిరాదు అనే మాట తప్పు. తక్కువ ఖర్చుతో దొరికితే, ఓపిగ్గా ఆ వైపు పెరిగితే, నిలబడే డిగ్రీనే.

ఇక అప్పు. ఏటా కొంత చొప్పున తీసుకునే 150 మీద 9 శాతం సాధారణ వడ్డీ వేస్తే, చదువు అయ్యేసరికి 34, ఉద్యోగం కోసం ఆగిన 7 నెలలకు ఇంకో 8. చేతికి మొదటి జీతం వచ్చేనాటికి అప్పు 192. పదేళ్ళ వాయిదాలు పెట్టుకుంటే నెలకు 2.4. 88 జీతమంటే నెలకు 7.3. అంటే మొదటి జీతంలో మూడో వంతు, అంత మొత్తం పదేళ్ళ పాటు, ప్రతి నెలా. ఎలక్ట్రికల్ సీటుకు తీసుకునే 20 అప్పుకు నెల జీతంలో 4 శాతం చాలు. అప్పు మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదని నేను అందరికీ చెప్తాను, ఇక్కడ అది రెండింతలు దాటింది. నెలకు మూడో వంతు పోయే మనిషి ఆఫర్ వస్తే ఏదైనా పట్టుకోవాల్సిందే, నచ్చిన టీమ్ కోసం రెండు నెలలు ఆగే వీలుండదు. ఆ అమ్మాయికి కావలసిన ఇంప్లాంట్ల పని అలా చేజారిపోతుందని నా భయం. డబ్బు నష్టం కంటే నాకు అదే ఎక్కువ బాధ.

ఏం నిర్ణయించారు

"నాకు ఈ సబ్జెక్టే కావాలి కదా అంకుల్, ఎలక్ట్రికల్ అంటే దూరం జరిగినట్టు కాదా?" అని అడిగింది. కాక్లియర్ ఇంప్లాంట్ లోపల ఏముందో చూద్దాం రా అని కూర్చోబెట్టాను. మైక్రోఫోను, శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే ప్రాసెసర్, చర్మం మీదుగా పవర్నూ సిగ్నల్నూ పంపే కాయిల్, లోపల కరెంటు పల్స్‌లు ఇచ్చే చిప్, చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలో ఎలక్ట్రోడ్ల వరస. ఇందులో ఎంత సిగ్నల్ ప్రాసెసింగ్, ఎంత సర్క్యూట్, ఎంత మెటీరియల్, ఎంత శరీరశాస్త్రం అని తనే పేపర్ మీద విడగొట్టుకుంది. ఎక్కువ భాగం ఎలక్ట్రికల్ సిలబస్‌లో ఉన్నదే. తనకు కావలసిన పరికరం వేరేది అయ్యుంటే, ఉదాహరణకు కృత్రిమ కీలో, రక్తనాళాల్లో పెట్టే స్టెంటో, నేను మెకానికల్ సిలబస్ ముందుకు తోసేవాణ్ణి.

ఎలక్ట్రికల్‌లో చేరింది. మేం ముందే రాసుకున్న షరతులు కొన్నున్నాయి. బయోసిగ్నల్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ ఎలక్టివ్స్ తప్పకుండా తీసుకోవాలి. ఫిజియాలజీ ఒక సెమిస్టర్ అయినా చదవాలి. ఒక వేసవి హాస్పిటల్ క్లినికల్ ఇంజనీరింగ్ విభాగంలో, ఇంకో వేసవి పరికరాల కంపెనీలో గడపాలి. హాస్పిటల్ వేసవి డబ్బు రాని పని, దాన్ని వదిలేద్దామా అని ఇంట్లో కాస్త చర్చ జరిగింది, నేను గట్టిగా వద్దన్నాను. ఇన్‌ఫ్యూజన్ పంపు అలారం ఎందుకు ఊరికే మోగుతోందో వార్డులో నిలబడి నర్సును అడిగి తెలుసుకున్నవాళ్ళు, ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరు. ఆ వేసవి ఆ అమ్మాయి రాసుకున్న నోట్స్ నేను చదివాను. ట్యూబులో గాలి బుడగ సెన్సర్ తడిసిందని కొన్ని, బ్యాటరీ పాతబడి కొన్ని, క్లాంపు సరిగ్గా తీయక కొన్ని, పంపు తప్పు ఒక్కటీ లేనివి ఇంకెన్నో. చివరి ఏడాది ఇంటర్వ్యూలో ప్యానెల్ ఎక్కువసేపు ఆ నోట్స్ మీదే మాట్లాడిందట.

పేషెంట్ మానిటర్లు చేసే కంపెనీలో వెరిఫికేషన్ ఇంజనీర్‌గా చేరింది, చదువు అయిన రెండో నెలలోనే. జీతం 96, మేం అనుకున్న 100 కంటే కొంచెం తక్కువ. అదే క్లాసులో సెమీకండక్టర్ కంపెనీలకు వెళ్ళినవాళ్ళకు ఇంకా బాగా ఎక్కువ వచ్చింది. వైద్య పరికరాల వైపు రావాలంటే ఎలక్ట్రికల్ వాళ్ళు కూడా కొంత వదులుకోవాల్సి రావచ్చు. ఈ సంగతి ముందే చెప్పాను, తను తెలిసే ఒప్పుకుంది.

అదే ఏడాది ఇంకో అబ్బాయికి నేను బయోమెడికల్‌లోనే చేరమన్నాను. అతనికి ఫీజులో ఎక్కువ భాగం స్కాలర్‌షిప్‌తో పోయింది, ఆ కోర్సులో జీతం తీసుకుంటూ కంపెనీలో పనిచేసే కో-ఆప్ సెమిస్టర్లు తప్పనిసరి, పైగా అతను కణజాల ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ దాకా వెళ్ళాలని వచ్చాడు. స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీకి మాస్టర్స్ ఖర్చు అనే వరుసే ఉండదు, ఫలితాలు వేరుగా వచ్చాయి. మెడికల్ కాలేజీకి మెట్టుగా ఈ డిగ్రీ తీసుకునేవాళ్ళ లెక్క ఇంకా వేరు. అక్కడ చూడాల్సింది మార్కులు ఎంత నిలబడతాయన్నది, ఈ కోర్సు తేలిక కాదు.

మన అమ్మాయి ఇప్పుడు ఉద్యోగంలో రెండో ఏడు దాటింది. ఇంప్లాంట్ల వైపు వెళ్ళాలంటే నరాలకు కరెంటు ఎలా పంపాలో, కణజాలం దానికి ఎలా స్పందిస్తుందో ఇంకా లోతుగా తెలియాలి, దానికి బయోమెడికల్‌లో మాస్టర్స్ కావాలంటోంది. ఈసారి వచ్చినప్పుడు లెక్క షీటు తనే వేసుకొచ్చింది. కంపెనీ ఫీజు కట్టే పార్ట్‌టైమ్ పద్ధతిలో మూడేళ్ళు. ఫీజు గడిలో సున్నా, పోయే జీతం గడిలో సున్నా, చదువు అయ్యాక రెండేళ్ళు అదే కంపెనీలో ఉండాలన్న షరతు ఒకటి. ఆ షరతు ఉన్న రెండేళ్ళలో బయటి నుంచి మంచి ఆఫర్ వస్తే కట్టాల్సింది ఎంతో ఒప్పందంలో సరిగ్గా రాసి లేదు, అది హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడగమని పంపాను.